కుక్కపిల్లనో పిల్లినో తెచ్చుకునే ముందు: హైదరాబాద్ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పెంపుడు జంతువు కావాలని ఇంట్లో ముందు ఒకరికి అనిపిస్తుంది. దాంతో కలిసి ఉండాల్సింది మాత్రం ఇంటిల్లిపాదీ. గిన్నె, బెల్టు, బొమ్మలు ఒక్క సాయంత్రంలో కొనేయొచ్చు. నానమ్మ ఏమంటుందో కనుక్కోవడం, పనమ్మాయితో మాట్లాడటం, తెల్లారగట్ల ఎవరు లేస్తారో తేల్చుకోవడం, కింది ఫ్లాట్ వాళ్ల చెవిన ఒక మాట వేయడం, వీటికి వారాలు పడుతుంది. తెచ్చిన నెలలోపే "ఎవరికైనా ఇచ్చేద్దాం" అనే మాట వచ్చే ఇళ్లలో చాలావరకు తప్పు జంతువుది కాదు, ముందు జరగాల్సిన ఈ మాటలు జరగకపోవడమే.

పిల్లలు రోజూ అడుగుతున్నారు. ఎప్పుడు తెచ్చుకుంటే మంచిది?

పిల్లలు అడిగినప్పుడు కాదు, పెద్దవాళ్లకి కూడా కావాలనిపించినప్పుడు. "అన్నం నేనే పెడతా, వాకింగ్‌కి నేనే తీసుకెళ్తా" అని పిల్లలు నిజాయితీగానే అంటారు. కానీ ఎనిమిదో తరగతి పిల్లాడి మీద ఒక ప్రాణం బాధ్యత పెట్టడం న్యాయం కాదు. కుక్క మామూలుగా పది నుంచి పద్నాలుగేళ్లు బతుకుతుంది. ఇంటి పట్టునే ఉండే పిల్లి పదిహేనేళ్లు దాటడమూ మామూలే. ఈలోపు పిల్లాడు ఇంటర్‌కి, ఇంజినీరింగ్ హాస్టల్‌కి, ఆ తర్వాత ఎంఎస్‌కి అమెరికా వెళ్లిపోతాడు. మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఇలాగే జరుగుతోందో చూస్తున్నాం. ముసలి కుక్క, యాభై దాటిన అమ్మానాన్నలు మిగులుతారు. ఆ రోజుల్లో కూడా మీకు ఈ జంతువు కావాలా? ఔను అనగలిగితే తెచ్చుకోండి.

ఇక సమయం. ఇల్లు మారుతున్నప్పుడు, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నప్పుడు, పురుడు దగ్గరపడినప్పుడు, బోర్డు పరీక్షల నెలలో వద్దు. దీపావళి వారంలో అసలే వద్దు. వేసవి సెలవుల్లో పిల్లలు ఇంట్లో ఉంటారు కదా అని చాలామంది మేలో తెస్తారు. ఇందులో ఒక చిక్కుంది. సెలవులన్నాళ్లూ రోజంతా మనుషుల మధ్య పెరిగిన కుక్కపిల్లకి జూన్‌లో బడులు తెరవగానే ఇల్లంతా ఖాళీ అయిపోతుంది. ఏడుపు, తలుపు గోకడం, సోఫా చింపడం అప్పుడు మొదలవుతాయి. సెలవుల్లోనే తెచ్చుకుంటే మొదటి వారం నుంచే రోజూ కాసేపు ఒంటరిగా ఉండటం అలవాటు చెయ్యండి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ గిఫ్ట్‌గా మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

అత్తగారికి ఇష్టం లేదు. మెల్లగా అలవాటు పడతారులే అని తెచ్చేయొచ్చా?

వద్దు. మీరిద్దరూ ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్లాక పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ కుక్కతో ఇంట్లో ఉండేది ఆవిడే. నిజానికి పెంచేది ఆవిడే అవుతుంది. అలాంటప్పుడు మొదటి ఓటు ఆవిడది.

ముందు ఆవిడ బాధ ఏమిటో వినండి. ఒక్కొక్కరిది ఒక్కో కారణం. మడి, పూజగది గురించి అయితే దానికి దారుంది: వంటింటికి, పూజగదికి అడ్డంగా చిన్న గేటు పెట్టి, తెచ్చిన రోజు నుంచే ఆ గడప దాటనివ్వకూడదు. మొదటి రోజు నుంచి అలవాటు లేని చోటికి కుక్క పట్టుబట్టి వెళ్లదు. నెలరోజులు తిరగనిచ్చి తర్వాత వద్దంటే దానికి అర్థం కాదు. ఆయాసం, అలర్జీ ఉంటే కుక్కో పిల్లో ఉన్న బంధువుల ఇంటికి తీసుకెళ్లి రెండు మూడు సార్లు కాసేపు కూర్చోబెట్టి చూడండి, డాక్టర్‌ని కూడా అడగండి. అలర్జీ అంటే వెంట్రుకల వల్లే అనుకుంటారు గానీ, అది లాలాజలం, చర్మపు పొట్టు వల్ల వస్తుంది. కాబట్టి జుట్టు తక్కువున్న జాతి తెస్తే సరిపోతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

చాలామంది పెద్దవాళ్లు బయటికి చెప్పని భయం ఇంకొకటుంది: పడిపోతామేమోనని. ఆ భయం నూటికి నూరుపాళ్లు సబబే. కుక్కపిల్ల కాళ్ల మధ్యనే తిరుగుతుంది, రాత్రి బాత్రూమ్‌కి వెళ్లే దారిలో అడ్డంగా పడుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టైల్స్ మీద తూలితే తుంటి ఎముక విరిగే ప్రమాదం. కుక్కపిల్ల మెడకి చిన్న గజ్జె కట్టండి, రాత్రి హాల్లో బెడ్‌లైట్ ఉంచండి. అన్నిటికన్నా మంచి మార్గం, పెద్దవాళ్లున్న ఇంటికి కుక్కపిల్లని కాకుండా రెండు మూడేళ్ల నెమ్మదైన కుక్కని దత్తత తీసుకోవడం. దాని స్వభావం అప్పటికే తెలిసిపోయి ఉంటుంది, ఉచ్చ ఎక్కడ పోయాలో కూడా తెలిసి ఉంటుంది. కుక్కపిల్లే కావాలన్న పట్టుదల వల్ల ఎంతో మంచి కుక్కలు షెల్టర్లలోనే ముసలివైపోతున్నాయి.

పనమ్మాయికి, వాచ్‌మన్‌కి కూడా ముందే చెప్పాలా?

తప్పకుండా. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాక ఈ నగరంలో చాలామందికి కుక్కంటే గుండె దడ. మీది పెంపుడు కుక్కే కావచ్చు, ఎదుటి మనిషికి కనిపించేది పళ్లు. "ఏం చెయ్యదమ్మా, రా" అనడంతో భయం పోదు.

తెచ్చే ముందే అడగండి: "అమ్మా, కుక్కని తెస్తున్నాం, నీకు ఇబ్బందా?" మొదటి రెండు వారాలు ఆమె వచ్చే వేళకి కుక్కని ఇంకో గదిలో ఉంచండి. తర్వాత ఆమెకి వీలైనప్పుడు బెల్టు మీ చేతిలో పట్టుకుని దూరం నుంచి చూపించండి. ఆమె చేత్తో ఒక బిస్కెట్ ముక్క నేల మీద వేయిస్తే చాలు, మిగతాది కుక్కే చూసుకుంటుంది. ఇంకో మాట. ఉచ్చ తుడవడం, రాలిన వెంట్రుకలు ఎత్తడం ఆమె ఒప్పుకున్న పనిలో లేదు. చేయించుకుంటే జీతం పెంచాలి. ఆమెకి భయం పోకపోతే గది తలుపు వేసే అలవాటే ఎప్పటికీ కొనసాగనివ్వండి, పోయేదేం లేదు.

ఇంట్లో పనులు ఎలా పంచుకోవాలి?

కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించండి. తెల్లవారి ఐదున్నరకి కిందికి తీసుకెళ్లేదెవరు, రాత్రి పదిన్నరకి ఎవరు, గిన్నెలు కడిగేదెవరు, టీకాల తేదీలు చూసుకునేదెవరు, ఊరెళ్తే ఎవరు. పిల్లలకి వయసుకి తగ్గ పని ఇవ్వొచ్చు: నీళ్లు మార్చడం, దువ్వడం, పెద్దవాళ్ల పక్కన నడవడం. కానీ ప్రతి పని వెనకా ఒక పెద్దవాళ్ల పేరు ఉండాలి.

మాటలు కూడా ఖాయం చేసుకోండి. నాన్న "సిట్" అని, అమ్మ "కూర్చో" అని, తాతయ్య "కూకో" అంటే దానికి మూడూ అర్థం కావు. ఏదో ఒకటే మాట. సోఫా ఎక్కనివ్వాలా, టేబుల్ దగ్గర ముక్క వెయ్యొచ్చా అనేవి కూడా అంతే, అది రాకముందే తేలిపోవాలి. ముక్క వేసే తాతయ్యలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లకి రోజూ సాయంత్రం పెట్టే ఉడికించిన క్యారెట్ ముక్కల డ్యూటీ ఇచ్చేస్తే ఇద్దరికీ సంతోషమే.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోవట్లేదు. ఏం చెయ్యాలి?

కేంద్ర ప్రభుత్వ జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల ప్రకారం పెంపుడు జంతువులు ఉండకూడదని అసోసియేషన్ నిషేధం పెట్టకూడదు. మెజారిటీ ఓటుతో తీర్మానం చేసినా అంతే. లిఫ్ట్ వాడొద్దనడం, కుక్కలున్నవాళ్ల దగ్గర అదనంగా వసూలు చెయ్యడం కూడా కుదరదు. అయితే రూల్స్ కాగితం పట్టుకుని మీటింగ్‌కి వెళ్లడం ఆఖరి మార్గంగా ఉంచుకోండి. ఆ మనుషులతోనే పన్నెండేళ్లు ఉండాలి. తెచ్చే ముందే పై, కింది, పక్క ఫ్లాట్ల తలుపు తట్టి చెప్పండి. మొదటి వారం రాత్రుళ్లు ఏడుస్తుంది, కాస్త ఓర్చుకోండి, మా నంబర్ ఇదీ, అని. కామన్ ఏరియాలో బెల్టు, చేతిలో కవర్, ఈ రెండూ ఎప్పుడూ ఉండాలి. లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే తర్వాతి దాని కోసం ఆగండి.

అద్దె ఇల్లు వేరే సంగతి. ఓనర్ నోటిమాట సరిపోదు, అగ్రిమెంట్‌లో ఒక లైను రాయించుకోండి. ఇల్లు మారేటప్పుడు కుక్కతో ఇల్లు దొరకడం కష్టమని కూడా ముందే తెలిసి ఉండాలి. కుక్కల్ని వదిలేయడానికి చాలామంది చెప్పే కారణం ఇదే.

జీహెచ్ఎంసీ లైసెన్స్ నిజంగా కావాలా?

కావాలి. జీహెచ్ఎంసీ పరిధిలో పెంపుడు కుక్కని రిజిస్టర్ చేయించి ఏటా రెన్యువల్ చేసుకోవాలి. రేబిస్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు మీ చేతిలో ఉండాల్సిన మొదటి కాగితం ఇదే.

ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఏ జాతి?

నా మాట అడిగితే దత్తత. మన ఊళ్లో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉంది, చిన్నచిన్న సంస్థలూ, సొంత ఖర్చుతో కుక్కల్ని కాపాడి ఇళ్లు వెతికే వాలంటీర్లూ ఉన్నారు. వాళ్లు మిమ్మల్ని బోలెడు ప్రశ్నలు అడుగుతారు, ఒక్కోసారి ఇల్లు చూడ్డానికి వస్తారు. విసుక్కోకండి. ఏమీ అడగకుండా పిల్లని చేతిలో పెట్టేవాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

మన ఎండకి, మన వానకి తట్టుకునేది నాటు కుక్క. తెలివి, ఆరోగ్యం రెండూ ఉంటాయి. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి మంచుప్రాంతపు కుక్కల్ని ఏప్రిల్‌లో నలభై డిగ్రీలు దాటే ఊరికి తేవడం వాటిని హింసించడమే. రోజంతా ఏసీ వేస్తామంటారు, కరెంట్ పోతే? పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఊపిరే సరిగా ఆడదు. కుక్క ఒగర్చి ఒళ్లు చల్లబరుచుకుంటుంది కాబట్టి వాటికి వడదెబ్బ ముప్పు మరీ ఎక్కువ.

కొని తీరాలనుకుంటే 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం బ్రీడర్ రిజిస్టర్ అయి ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లి కుక్కని, అది ఉండే చోటుని చూడనివ్వకపోతే వచ్చేయండి. "నలభై రోజుల పిల్ల, చాలా యాక్టివ్" అని ఫొటో పంపేవాళ్ల దగ్గర అసలు కొనకండి. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య నేర్చుకోవాల్సినవి, కొరికితే నొప్పి పుడుతుందన్న సంగతితో సహా, ఆ పిల్ల నేర్చుకోకుండానే వచ్చేస్తుంది.

రామచిలుకో తాబేలో పెంచుకోవచ్చా?

రామచిలుక, మన మైనాలు, నక్షత్ర తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. కొనడం, పంజరంలో ఉంచడం నేరం. ముర్గీ చౌక్ దగ్గర ఎవరో అమ్ముతున్నారని అది చట్టబద్ధం అయిపోదు. రెక్కలు కత్తిరించి గోతాల్లో తెచ్చే ఆ పక్షుల్లో దారిలో చచ్చిపోయేవి ఎన్నో.

కుందేలు ముచ్చటగా ఉంటుంది గానీ మన వేసవి దానికి నరకం, పైగా ఎత్తుకుంటే దానికి భయం. చిన్నపిల్లలున్న ఇంటికి నప్పదు. చేపలు పెట్టొచ్చు. అయితే గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్ కాదు. ఫిల్టర్ ఉన్న ట్యాంకు కావాలి, కుళాయి నీళ్లలో క్లోరిన్ విరగ్గొట్టే మందు వెయ్యాలి. ట్యాంకు పెట్టగానే చేపలు నింపేయకుండా నెలో నెలన్నరో నీళ్లు కుదురుకోనివ్వాలి. దుకాణం నుంచి తెచ్చిన వారానికే చేపలు చచ్చిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

ఇంట్లో గర్భిణి ఉంది. పిల్లిని తేవచ్చా? ఉన్నదాన్ని పంపేయాలా?

పంపేయక్కర్లేదు. భయమంతా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది పిల్లి మలంలో వస్తుంది గానీ వచ్చిన వెంటనే అంటుకోదు, ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి లిట్టర్ ట్రేని (పిల్లి దొడ్డికి వెళ్లే ట్రే) రోజూ శుభ్రం చెయ్యాలి, ఆ పని ఇంట్లో ఇంకొకరు చెయ్యాలి. పచ్చి మాంసం పెట్టకూడదు, పిల్లిని బయటికి వదలకూడదు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, చేతికి తొడుగు లేకుండా కుండీల మట్టి పని కూడా దీన్ని తెచ్చిపెడతాయి. మీ గైనకాలజిస్ట్‌కి చెప్పండి, అనుమానముంటే ఆవిడ రక్తపరీక్ష రాస్తారు. కొత్త పిల్లినైతే పురుడయ్యాక, కాస్త నిద్ర కుదిరాక తెచ్చుకోవడం మేలు.

పిల్లి తెచ్చే ప్రతి ఫ్లాట్‌కీ ఒక షరతు: బాల్కనీకి, కిటికీలకి వల. పిల్లి పడదు, పడినా కాళ్ల మీదే పడుతుంది అనే మాట నమ్మకండి. పావురాన్ని చూసి దూకేస్తుంది. పావురాల కోసం కట్టే పల్చటి నైలాన్ వలని పళ్లతో కొరికేస్తుంది కూడా, కాబట్టి గట్టిది వేయించి అంచులు ఎప్పటికప్పుడు చూసుకోండి.

ఇంట్లో ముందే ఏమేం తీసేయాలి?

నేల మీద బోర్లా పడుకుని ఒకసారి ఇల్లంతా చూడండి. కుక్కపిల్లకి కనిపించే ఇల్లు అదే. ఫ్రిజ్ వెనక వైరు, టీవీ స్టాండ్ కింద పడిన రబ్బర్ బ్యాండ్, మంచం కింద చెప్పు, సోఫా అడుగున పోయిన మాత్ర.

మన ఇళ్లలో మామూలుగా ఉండి, వాటి ప్రాణాల మీదికి తెచ్చేవి కొన్నున్నాయి. బీరువాలో వేసే కలరా ఉండలు. ఎలుకల మందు. బొద్దింకలకి గీసే చాక్‌పీసు. ఇల్లు తుడిచే ఫినాయిల్: పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాకితే ఫినాల్ లోపలికి పోతుంది, దాని కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. మామూలు సబ్బు నీళ్లతో తుడిచి, తడి ఆరాకే తిరగనివ్వండి. పూజకి పెంచుకునే గన్నేరు, పచ్చగన్నేరు చెట్లలో అన్ని భాగాలూ విషమే. మనీప్లాంట్ ఆకు నమిలితే నోరు మండి చొంగ కారుతుంది. పిల్లి ఉన్న ఇంటికి బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీలు తేవద్దు, ఆ పుప్పొడి నాకినా కిడ్నీలు పాడవుతాయి.

మందుల డబ్బా కూడా పైన పెట్టండి. జ్వరంగా ఉందని మనుషుల పారాసెటమాల్ పిల్లికి వేస్తే చచ్చిపోతుంది. ఒక్క మాత్ర చాలు.

మొదటి రోజు ఎలా ఉండాలి?

జనం లేకుండా. కుక్కపిల్ల వచ్చిందనగానే అపార్ట్‌మెంట్ పిల్లలంతా తలుపు దగ్గర చేరతారు, పిన్నివాళ్లు, బాబాయివాళ్లు వీడియో కాల్ చేస్తారు. వాళ్లని వచ్చే ఆదివారం రమ్మనండి. పొద్దున పూట తీసుకురండి, రాత్రికల్లా ఇల్లు కాస్త తెలుస్తుంది. ఒక మూల దాని చోటు అని పరుపు వేసి, అక్కడున్నప్పుడు ఎవరూ ముట్టుకోవద్దని పిల్లలకి చెప్పండి. మొదటి వారం స్నానం చేయించొద్దు, తిండి మార్చొద్దు. అంతకుముందు తిన్నదే పెట్టి, ఏడెనిమిది రోజుల్లో మెల్లగా కొత్తది కలపండి.

రాత్రి ఏడుస్తుంది. తల్లి ఒంటి వేడి లేకుండా పడుకోవడం దానికి అదే మొదటిసారి. బాల్కనీలో పెట్టి తలుపేస్తే అలవాటవుతుందనే సలహా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అలవాటు కాదు, భయం ముదురుతుంది. మీ మంచం పక్కనే చెయ్యి అందేంత దూరంలో పడుకోబెట్టండి. గోరువెచ్చని నీళ్ల సీసాకి పాత టవల్ చుట్టి పక్కన పెట్టండి. రాత్రి ఒకసారో రెండుసార్లో ఉచ్చకి తీసుకెళ్లాలి. కొన్నాళ్లకి నిద్రపోవడం వస్తుంది, అప్పుడు పరుపు కొంచెం కొంచెం జరుపుకోవచ్చు.

ఉచ్చ, దొడ్డికి ఎలా నేర్పాలి?

రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకన్నా ఆపుకోలేదు. నిద్ర లేచిన వెంటనే, తిన్న కాసేపటికి, ఆడుకున్నాక, పడుకోబోయే ముందు, ఈ నాలుగు వేళలా నిర్ణయించిన చోటికి తీసుకెళ్లండి. మధ్యలో కనిపెట్టి చూడండి: ఆడుతున్నది హఠాత్తుగా ఆట మానేస్తుంది, ముక్కు నేలకి ఆనించి వాసన చూస్తూ ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంది, వెనక కాళ్లు కాస్త వంచుతుంది. మీకు దొరికే సమయం అంతే. అరవకుండా ఎత్తుకుని తీసుకెళ్లి, అయిపోయిన మరుక్షణం అక్కడే మెచ్చుకుని ఏదైనా పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే దేనికి పెట్టారో దానికి తెలియదు. తప్పు చోట పోసినప్పుడు ముక్కు రుద్దడం, కొట్టడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మీరు చూడని చోట, మంచం కింద పోయడం.

టీకాలు ఎప్పుడు? ఎక్కడ?

కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేస్తారు. డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకి అది. మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు పదహారు వారాల దాకా ఉంటాయి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, తర్వాత ఏటా. పిల్లులకి కూడా ఎనిమిది వారాల నుంచి మొదలుపెట్టాలి, రేబిస్ టీకా వాటికీ తప్పదు. నులిపురుగుల మందు మొదట రెండు వారాలకోసారి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి ఐదారు నెలల వయసులో డాక్టర్‌తో మాట్లాడండి.

పార్వోని తేలిగ్గా తీసుకోకండి. రక్తంతో విరేచనాలు, వాంతులు పట్టుకుని రెండు మూడు రోజుల్లో పిల్ల చచ్చిపోవచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. మీ ఇంట్లో ఈమధ్య పార్వోతో పిల్ల పోయి ఉంటే, టీకాలు పూర్తికాని ఇంకో పిల్లని వెంటనే తేవద్దు. టీకాల కోర్సు అయ్యేదాకా రోడ్డు మీద నడిపించొద్దు, కానీ చేతుల్లో ఎత్తుకుని గేటు దాకా, బాల్కనీ దాకా తిప్పండి. ఆటో హారన్, కుక్కర్ విజిల్, మిక్సీ, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, వీటన్నిటికీ మొదటి మూడున్నర నెలల్లో అలవాటు పడిన కుక్క పెద్దయ్యాక బెదరదు.

ప్రైవేటు క్లినిక్‌లు గల్లీకొకటి ఉన్నాయి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉన్నాయి, ఖర్చు తక్కువ. తెచ్చే ముందే ఇంటికి దగ్గర్లో ఒక డాక్టర్‌ని, అర్ధరాత్రి తెరిచి ఉండే ఒక ఆస్పత్రిని చూసి పెట్టుకోండి.

మాది శాకాహార ఇల్లు. గుడ్డు కూడా వండం. ఎలా?

కుక్కైతే జాగ్రత్తగా చూసుకుంటే కుదురుతుంది. పెరుగన్నం ఒక్కటే పెడుతూ పెంచితే మాత్రం ప్రొటీన్, కాల్షియం చాలక బక్కచిక్కుతుంది. పెరుగన్నం మంచిదే, అదే మొత్తం భోజనం కాకూడదు. కంపెనీ తయారుచేసిన సమతుల ఆహారం పెట్టి, దాని గిన్నెలు వంటింటి బయట విడిగా కడిగే ఏర్పాటు చేసుకుంటే చాలా ఇళ్లలో సర్దుకుపోతుంది. పిల్లి అలా కాదు. టారిన్ అనే పోషకం మాంసాహారం నుంచే దానికి రావాలి, లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. ఇంట్లోకి అలాంటి తిండి రానివ్వలేమనుకుంటే పిల్లిని తెచ్చుకోకపోవడమే మంచిది, అందులో తప్పేమీ లేదు.

ఏ ఇంటికైనా పెట్టకూడనివి: చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి. పండగ పూట పరమాన్నంలో, చక్కెర పొంగలిలో కిస్‌మిస్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. బిర్యానీలో ఉల్లిపాయ, మసాలా ఎలాగూ చెడే, ఉడికిన ఎముక మరీ ప్రమాదం. అది సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. మే, జూన్ నెలల్లో మామిడి టెంక. చీకి పారేసిన టెంకని కుక్క మింగితే పేగుకి అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. చెత్తబుట్టకి మూత ఉండాలి.

చిన్నపిల్లల్ని కరుస్తుందేమో అని టెన్షన్‌గా ఉంది.

ఆరేడేళ్ల లోపు పిల్లల్ని ఏ కుక్కతోనూ, ఎంత మంచిదైనా, పెద్దవాళ్లు లేకుండా వదలకండి. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు, ఎముకో బొమ్మో నోట్లో ఉన్నప్పుడు దగ్గరికి వెళ్లకూడదని నేర్పండి. మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకోవడం మనకి ప్రేమ, చాలా కుక్కలకి ఉక్కిరిబిక్కిరి. కుక్క ఉన్నట్టుండి కరవదు, ముందు చెబుతుంది. మొహం పక్కకి తిప్పుకుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, పెదవులు నాక్కుంటుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగిస్తుంది. ఆ తర్వాతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టకండి. ఆ హెచ్చరిక ఆపడం నేర్చుకున్న కుక్క తిన్నగా కరుస్తుంది.

కరిచినా, గోరు గీసుకుని రక్తం వచ్చినా, మీ కుక్కే అయినా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. అదే రోజు డాక్టర్‌కి చూపించండి. నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో టీకాలు వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు, ముందు టీకా వేయించుకుంటే దాన్ని పూర్తిగా ఆపొచ్చు.

ఎండాకాలం, గోమార్లు: ఏం జాగ్రత్తలు?

వాకింగ్ పొద్దున ఏడు లోపు, సాయంత్రం పొద్దుగూకాక. అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకి ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. కారులో అద్దం దించి "రెండు నిమిషాలే" అని వదిలి వెళ్లకండి.

హైదరాబాద్ కుక్కలకి గోమార్లు ఏడాది పొడవునా ఉంటాయి. చెవి లోపలి మడతల్లో, వేళ్ల సందుల్లో, బెల్టు కింద రోజూ వేళ్లతో తడిమి చూడండి. రక్తం తాగినది బూడిదరంగు బఠాణీ గింజంత ఉంటుంది. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా పైకి లాగి సబ్బు నీళ్లలో వెయ్యండి. వేళ్లతో నలపొద్దు, కిరోసిన్ రాయొద్దు. ఇవి గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి కాబట్టి కుక్క పరుపు ఉతకడం, మూలలు శుభ్రం చెయ్యడం కూడా వైద్యమే. కుక్క తిండి మానేసి, జ్వరంతో, చిగుళ్లు పాలిపోయి కనిపిస్తే, ముక్కులోంచి రక్తం వస్తే టిక్ ఫీవర్ (గోమార్ల వల్ల వచ్చే జ్వరం) కావచ్చు, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ ఉన్న గోమార్ల మందు పిల్లికి రాస్తే ప్రాణం పోతుంది, రెండూ ఉన్న ఇళ్లు ఇది మరిచిపోవద్దు.

పండగలకి, ఊళ్లకి వెళ్లేటప్పుడు?

బోనాల డప్పులు, వినాయక నిమజ్జనం డీజేలు, దీపావళి టపాకాయలు, మూడూ వరసగా వస్తాయి. లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, టీవీ పెట్టి, దాని పక్కనే ఒకరు కూర్చోండి. ఆ రాత్రుళ్లు తలుపు తీసేటప్పుడు మెడకి ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల ఉందో లేదో చూసుకోండి, బెదిరి పారిపోయే కుక్కలు దీపావళికే ఎక్కువ. మరీ వణికిపోతుంటే పది రోజుల ముందే డాక్టర్‌ని కలవండి.

సంక్రాంతికి ఊరెళ్లాలంటే కారు సుఖం. రైల్లో ఫస్ట్ ఏసీలో మొత్తం కూపేనో క్యాబినో మీ పేరు మీద ఉంటేనే కుక్కని మీతో ఉంచుకోనిస్తారు, లేకపోతే లగేజీ వ్యాన్‌లోని డబ్బాలో పంపాలి. ఆ డబ్బాలో మాత్రం నేను పంపమనను. బోర్డింగ్‌లో (మీరు లేనప్పుడు కుక్కల్ని ఉంచుకునే చోట) వదిలేట్టయితే ముందు మీరు వెళ్లి చూడండి, ఒక్క రాత్రి ఉంచి చూడండి. టీకాల కార్డు అడగని చోట వదలకండి.

అన్నీ చేసినా కుదరకపోతే?

మొదటి మూడు వారాల్లో చాలామందికి "ఎందుకు తెచ్చామా" అనిపిస్తుంది. నిద్ర లేకపోవడం వల్ల అది. కాస్త ఆగండి, మంచి ట్రైనర్‌ని, డాక్టర్‌ని అడగండి. కొట్టి నేర్పేవాళ్లని పిలవకండి. నిజంగానే కుదరకపోతే దత్తత ఇచ్చినవాళ్లకి మొదట ఫోన్ చెయ్యండి, చాలా సంస్థలు తిరిగి తీసుకుంటాయి, లేదా ఇంకో ఇల్లు చూసేదాకా మీ దగ్గర ఉంచమంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనో, ఏదో గుడి దగ్గరో దింపి రావడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. ఇంట్లో పెరిగిన కుక్కకి రోడ్డు దాటడం రాదు, అక్కడి కుక్కల గుంపు దాన్ని రానివ్వదు. కొత్త ఇల్లు దొరికితే టీకాల కార్డు, తినే తిండి, భయపడే సంగతులు, కరిచిన సందర్భం ఏదైనా ఉంటే అది కూడా, దాచకుండా రాసి ఇవ్వండి.